తానాలర్ర తలుపు

ఆ రోజు పొద్దున నర్సింహమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. తానాల అర్రకు, అంటే స్నానాల గదికి, తలుపు పెట్టాలి. తెల్లారితే పోతిరెడ్డిపల్లి నుంచి వియ్యపురాలు ఇందిరమ్మ వస్తున్నది. ఆమె వెంట నర్సింహమ్మ కూతురు సుమిత్ర, సుమిత్ర చేతుల్లో నెలల పిల్ల. కాన్పు సంగారెడ్డి దవాఖానాలో అయిందన్న వంకతో ఇందిరమ్మ ఇన్నాళ్ళూ కోడలిని తన దగ్గరే ఉంచుకుంది. మనుమరాలిని నర్సింహమ్మ దవాఖానాలో చూసిందే చూపు. ఇప్పుడు తల్లిగారింట్లో కొన్ని నెలలు ఉంచడానికి ఒప్పుకుంది గాని, ఒక మెలిక పెట్టింది.

"తానాలర్రకు తలుపు లేని ఇంట్ల బాలింతను ఎట్ల విడిచిపెట్టాలె? నేనొచ్చి చూస్త. తలుపుంటే విడిచిపోత, లేకుంటే మళ్ళ బస్సుకే వెంట తీసుకపోత" అని కబురు చేసింది.

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నర్సింహమ్మ ఇల్లు ఇంద్రేశం ఊరికి ఇవతల, పటాన్‌చెరు పోయే రోడ్డును ఆనుకుని ఉంది. తానాల అర్రను ఆమె భర్త సోమయ్య మూడు వైపులా బండలు పాతి కట్టాడు. నాలుగో వైపు సరిగ్గా రోడ్డుకు ఎదురుగా వదిలాడు. అదేమిటయ్యా అంటే, "నీళ్ళు పోయే దిక్కు చూసి కట్టిన. మనుషులొచ్చే దిక్కు కూడ నేనే చూడాల్నా?" అన్నాడు. ఆ నాలుగో వైపుకు ఇన్నాళ్ళూ ఒక పాత చీర వేలాడుతూ ఉండేది. గాలి వస్తే చీర ఒక దిక్కు, లోపలి మనిషి మానం ఒక దిక్కు.

కొత్త తలుపు కొనాలన్న ఆలోచన నర్సింహమ్మకు రానే రాలేదు. ఆ ఇంట్లో కొత్తది కొన్న వస్తువు ఏదైనా ఉందా అంటే వెతకాల్సిందే. చుట్టుపక్కల కంపెనీలు పారేసినదంతా పటాన్‌చెరులో పెద్దరాములు పాత సామాన్ల దుకాణానికి చేరుతుంది. అందులో మంచిదంతా నర్సింహమ్మ నెత్తి మీద ఇంద్రేశం చేరుతుంది. కంపెనీవాళ్ళ పసుపుపచ్చ హెల్మెటుతో ఆమె బర్రెకు దాణా కొలుస్తుంది. కోసి తిరగేసిన లారీ టైరు కుడితి తొట్టి అయింది. ఫ్యాను మీది జాలీ మీద వడియాలు ఎండుతాయి. కంపెనీలో సరుకు మోసి మోసి అరిగిన రబ్బరు పట్టా గడప ముందు కాళ్ళు తుడుచుకోవడానికి పడి ఉంటుంది. విరిగిన స్కూటరు నుంచి ఊడిన సీటు మీద కూర్చుని సోమయ్య అన్నం తింటాడు.

"నన్ను కూడ పెద్దరాములు దుకాణంలనే తెచ్చినవా ఏందే?" అని అడిగాడొకసారి.

"నిన్ను మా నాయిన తెచ్చిండు. నేను పోయుంటే ఇంకా మంచిది ఏరుకొస్తుంటి" అంది నర్సింహమ్మ.

సోమయ్య ఒక కంపెనీలో రాత్రి కాపలా కాస్తాడు, పగలు నిద్రపోతాడు. ఆయనకు తానమంటే గిట్టదు. భార్య బొబ్బలు పెడితే తప్ప చెంబు ముట్టడు. సర్కారు సారా బంద్ పెట్టినప్పటి నుంచి అయితే ఆయనకు దేని మీదా మనసు లేదు. చదువురాని సోమయ్యకు చదవ వచ్చిన బోర్డు లోకంలో ఆ సారా దుకాణం బోర్డొక్కటే. ఇప్పటికీ దుకాణం ఉండిన మలుపు వస్తే సైకిలు దిగి, కాసేపు ఊరికే నిలబడి, మళ్ళీ ఎక్కుతాడు.

పెద్దరాములు దుకాణంలో ఆ పొద్దున నర్సింహమ్మకు ఒక రేకు దొరికింది. నిలువెత్తు ఉంది, మందంగా ఉంది, చుట్టూ ఇనుప చట్రం కూడా ఉంది. పసుపు రంగు మీద నల్లగా పెద్ద పెద్ద అక్షరాలు రాసి ఉన్నాయి. నర్సింహమ్మకు అక్షరాలంటే తనకు రాని ముగ్గులు. ఈ ముగ్గు ఆమెకు బాగా నచ్చింది. నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చి, పాత బీరువా నుంచి ఊడదీసి దాచుకున్న మడతబందులతో తానే బిగించింది. ముగ్గు వైపు రోడ్డుకు ఉంటే అందంగా ఉంటుందని అటు తిప్పింది.

అంతా అయ్యాక ఒక అనుమానం పట్టుకుంది. కిందటిసారి అల్మారాకు అతికించిన పేపర్లో ఎవరో మంత్రి తలకిందులుగా వేలాడుతుంటే ఇందిరమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. ఇందిరమ్మకు కూడా అక్షరం ముక్క రాదు గాని, మంత్రికి తల ఎటుండాలో తెలుసు. ఈసారి ఆ మాట పడకూడదు. అప్పుడే రోడ్డు అవతల నుంచి చలపతిరావు వస్తున్నాడు.

చలపతిరావుది కాకినాడ వైపు. సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగం, అక్కడి యూనియన్లో పెద్ద గొంతు. ఎదురుగా పడ్డ కొత్త కాలనీలో కిరాయికి ఉంటున్నాడు. కాలనీ దగ్గర బస్సు ఆగదు. ఊళ్ళోకి నడిచిపోయి ఎక్కాలి. ఒక్క స్టాపు వేయించమని కాలనీవాళ్ళంతా డిపో చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయారు.

"సారూ, జెర గిటు చూడుండ్రి. గీ రాత సీదాగున్నదా, ఉల్టా ఉన్నదా?"

చలపతిరావు చూశాడు. పసుపు రేకు మీద 'ఇచ్చట బస్సు ఆగును' అని ఉంది.

"సీదాగానే ఉందండి నర్సింహమ్మగారూ. దివ్యంగా ఉంది. ఎన్నాళ్ళకు పెట్టారండి."

"ఎప్పుడో పెట్టాలె సారూ. ఇగ మీ పరేషాన్ కూడ పోయింది. గాలొచ్చినప్పుడల్ల పాపం మీరు కిటికీ మూసుకోబడితిరి."

"కిటికీ పక్కన సీటు దొరికితే ఇంక మూయనే మూయనండి" అన్నాడాయన ఆనందంలో. "ఎప్పట్నుంచి మొదలండి?"

"రేపు పొద్దుగాలనే. పోతిరెడ్డిపల్లి నుంచి మా వదినె వస్తున్నది. ఆమెతోనే మొదలు."

"అంటే ఓపెనింగు ఆవిడ చేతుల మీదుగానా అండి?"

"గట్లనే అనుకోండ్రి. ఆమె చూసి మంచిగున్నదంటెనే మంచిగున్నట్టు."

డిపోవాళ్ళు ఎవరి మాటకు లొంగారో చలపతిరావుకు అర్థమైపోయింది. పోతిరెడ్డిపల్లిలో ఎవరో గట్టి నాయకురాలు ఉంది. ఆమె నర్సింహమ్మకు వదిన. ఆ సాయంత్రం ఆయన కాలనీలో గడప గడపకూ వెళ్ళి ఈ మాట చెప్పి వచ్చాడు.

మర్నాడు పొద్దున నర్సింహమ్మ కాగులో నీళ్ళు కాగబెట్టి, తానాల అర్ర దగ్గరికి వచ్చి, ఉన్నచోటనే నిలబడిపోయింది. కొత్త తలుపు ముందు మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లో టిఫిను డబ్బాలు. ముందు చలపతిరావు, ఆయన వెనక బడిలో పాఠాలు చెప్పే వీరలక్ష్మి, ఆమె వెనక ఇంకా చాలామంది.

అసలే ఎండాకాలం. కాలనీ బోర్లలో వచ్చే కాసిని నీళ్ళు కూడా పచ్చగా వాసన కొడుతున్నాయి. తన బావిలో మాత్రం తేట నీళ్ళున్నాయి. వీళ్ళు ఎందుకు వచ్చారో నర్సింహమ్మకు వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. కొత్త తలుపు పెట్టిన సంగతి తెలిసి, తానాలకు వచ్చారు.

"ఏంది సారూ, పొద్దుగాలనే గిందరు?"

"ముందొస్తే చోటు దొరుకుతుందని తొందరగా వచ్చేశామండి."

"లోపల ఒక్కలకే చోటు సారూ."

వరసలో గుసగుసలు లేచాయి. వీరలక్ష్మి బతిమాలుతున్నట్టుగా అంది. "నిలబడైనా సరే పిన్నిగారూ. మాకు అలవాటే."

"నిలబడే చెయ్యాలె తల్లీ. కూసుంటే అంతా బురద."

"ఆడవాళ్ళను ముందు ఎక్కనిద్దామండి" అన్నాడు చలపతిరావు పెద్దమనిషిలా.

"ఎక్కుడెందుకు సారూ? గడప కిందికే ఉన్నది."

ఎవరి మాట వాళ్ళకు సరిగ్గానే ఉంది. నర్సింహమ్మకు వాళ్ళను వెళ్ళగొట్టడానికి నోరు రాలేదు. అట్లాగని వియ్యపురాలు రాకముందే పదిమంది దిగి అర్రనంతా పాడుచేస్తే కొంప మునుగుతుంది. మధ్యే మార్గం ఆలోచించింది.

"మా వదినె కానిచ్చినంకనే మీరు. అందాక మొకాలు, కాళ్ళు కడుక్కోండ్రి" అని బకెట్టు నీళ్ళు, ఒక సబ్బు ముక్క తెచ్చి చలపతిరావు చేతిలో పెట్టింది.

బస్ స్టాపులో సబ్బు చేతికొస్తే ఏమనుకోవాలో చలపతిరావుకు తోచలేదు. కానీ ఆయన ఈ ప్రాంతానికి వచ్చిన కొత్తలోనే ఒక నియమం పెట్టుకున్నాడు. ఇక్కడివాళ్ళ పద్ధతులను ప్రశ్నించకూడదు.

"ఓపెనింగుకు ఇక్కడి ఆచారం అయ్యుంటుంది" అని వెనక్కి తిరిగి మెల్లగా చెప్పాడు. "మా వైపు కొబ్బరికాయతో సరిపెడతాం. కడుక్కోండి, ఏం పోయింది."

ఆఫీసుకు, బడికి, కంపెనీకి తయారై వచ్చిన మనుషులంతా చెప్పులు విప్పి, ఒకరి తర్వాత ఒకరు భక్తిగా మొహాలు, కాళ్ళు కడుక్కున్నారు.

అంతలో పటాన్‌చెరు వైపు నుంచి ఎర్రబస్సు వచ్చింది. డ్రైవరు ఎల్లయ్య అద్దంలోంచి చూశాడు. బోర్డుంది, బోర్డు కింద జనం ఉన్నారు. కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

"గీడ స్టాపెప్పుడు పడ్డదే?" అన్నాడు కండక్టరు లింగం.

"నిన్నటిదాక లేకుండె. బోర్డున్నది, జనమున్నరు, ఇంకేం గావాలె?"

బస్సులోంచి మొదట ఒక పెద్ద సంచి, తర్వాత ఇందిరమ్మ, తర్వాత పిల్లను ఎత్తుకుని సుమిత్ర దిగారు. ఇందిరమ్మ కాలు నేలకు ఆనీ ఆనకముందే చలపతిరావు బంతిపూల దండ ఆమె మెడలో వేశాడు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"రైట్ రైట్" అని లింగం బస్సు రేకు మీద రెండు దెబ్బలు కొట్టాడు. బస్సు ఊరి దాకా పోయి తిరిగి రావడానికి కదిలింది. పటాన్‌చెరు పోయేవాళ్ళు తిరిగొచ్చే బస్సు కోసం అక్కడే నిలబడ్డారు.

ఇందిరమ్మ దండను తడిమి చూసుకుంది. పోతిరెడ్డిపల్లి నుంచి వస్తూ, ఏమేం తప్పులు పట్టాలో దారంతా తలచుకుంటూ వచ్చిన మనిషి. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"వదినే, బస్సు మీ ఇంటి ముంగటనే ఆగుతదా?" అని మాత్రం అడిగింది.

అది నర్సింహమ్మకూ వింతగానే ఉంది. అయినా దొరికిన మర్యాదను వదులుకోవడం ఎందుకని, "ఆగుతది మరి" అంది.

"అమ్మా, గా తలుపు మీద..." అంటూ సుమిత్ర ఏదో చెప్పబోయింది. సుమిత్ర ఏడో తరగతి దాకా చదువుకుంది. కానీ పిల్ల ఏడుపు అందుకుంది. నర్సింహమ్మ మనుమరాలిని గుండెలకు అదుముకుని, "నా బంగారం, నాయనమ్మ ముక్కు వచ్చింది గాని ఏం ఫికర్ లేదు" అని మెల్లగా చెప్పింది.

ఇందిరమ్మ తలుపును వేలితో కొట్టి చూసింది, గొళ్ళెం లాగి చూసింది. అటు తిప్పి ఇటు తిప్పి, "గట్టిగనే ఉన్నది" అంది. ఆమె నోటి నుంచి అంత మాట రావడం పెళ్ళినాటి నుంచి ఇదే మొదలు. "దుమ్ము కొట్టుకపోయిన. ఇప్పుడే తానం చేసి చూస్త" అని దండ తీసి తలుపు చట్రానికి తగిలించి, లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకుంది. లోపలంతా తడి కాబట్టి సంచిని బయట రబ్బరు పట్టా మీద పెట్టించింది. విప్పిన చీరను అలవాటు కొద్దీ బకెట్లో నానబెట్టింది.

బయట నర్సింహమ్మకు సగం ప్రాణం కుదుటపడింది.

"ఇప్పుడు చెప్పు బిడ్డా, తలుపు మీద ఏంది?"

"ఏం రాసున్నదో నీకు ఎరుకేనా?"

"సీదాగున్నదని సారు చెప్పిండు."

"సీదాగనే ఉన్నది. 'ఇచ్చట బస్సు ఆగును' అని రాసున్నది" అంటూ సుమిత్ర కొంగు నోట్లో కుక్కుకుంది.

నర్సింహమ్మ వరసలో నిలబడ్డవాళ్ళను చూసింది. టిఫిను డబ్బాలను చూసింది. కడిగిన మొహాలను చూసింది. చలపతిరావు చేతిలో ఇంకా భద్రంగా ఉన్న సబ్బు ముక్కను చూసింది. ఒక్కొక్కటే అర్థమవుతుంటే ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే భయం కూడా వేసింది. వియ్యపురాలిని బస్ స్టాపులో తానానికి పంపిందని పోతిరెడ్డిపల్లిలో తెలిస్తే, మనుమరాలు తనకు మళ్ళీ కనబడదు. పాత చీర తెచ్చి రాత మీద కప్పేస్తే సరి అనుకుని ఇంట్లోకి ఉరికింది. ఆమె చీరతో బయటికి వచ్చేసరికి బస్సు తిరిగి వచ్చి తలుపు ముందు ఆగి ఉంది.

జనం ఎక్కువగా ఉన్నారని లింగం కిందికి దిగి, "వరసగా రావాలె, వరసగా" అంటున్నాడు. చలపతిరావుకు పట్టా మీది సంచి కనబడింది. ఓపెనింగు చేసిన మనిషి మొదటి బస్సులో నాలుగడుగులైనా పోకుండా ఉంటుందా? సంచిని ఆయనే స్వయంగా ఎత్తి డ్రైవరు వెనక సీటు మీద పెట్టి, మళ్ళీ దిగి, నాయకురాలి కోసం మెట్టు పక్కన వినయంగా నిలబడ్డాడు. ఆమె ఎక్కనిదే ఎవరూ ఎక్కలేదు.

సరిగ్గా అప్పుడే లోపల ఇందిరమ్మకు వేడినీళ్ళు అయిపోయాయి.

"వదినే, ఉడుకునీళ్ళు" అని కేకేసింది. బస్సు ఇంజను మోతలో ఎవరికీ వినబడలేదు. ఒళ్ళంతా సబ్బు నురగతో ఉన్న మనిషి, పిడికిలి బిగించి తలుపు రేకు మీద దబదబా రెండు దెబ్బలు కొట్టింది.

ఎల్లయ్య వెనక్కి తిరిగి చూడలేదు. ఇన్నేళ్ళుగా ఏ రోజూ చూడలేదు. రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయంటే బండి కదలాలి. బండి కదిలింది.

"ఓ ఎల్లన్నా, నేను గీడున్ననే" అంటూ లింగం టికెట్ల సంచి తుంటికి కొట్టుకుంటుంటే వెనకాల ఉరికాడు. అప్పటికి బస్సు మలుపు తిరిగింది. ఊళ్ళో ఆ పూట ఎవరూ ఎక్కలేదు, ఇక్కడివాళ్ళు ఎక్కనేలేదు, కండక్టరు లేడు. ఎల్లయ్య, ఇందిరమ్మ సంచి మాత్రమే పటాన్‌చెరు పోతున్నారు.

నర్సింహమ్మ ఇన్ని వేడినీళ్ళు లోపలికి అందించింది. తానం ముగిసింది.

"వదినే, నా సంచి ఇటియ్యి."

నర్సింహమ్మ బస్సు పోయిన మలుపు వైపు చూసింది.

"వదినే, సంచి."

"నా చీర ఇస్త కట్టుకో వదినే. పెట్టెల మంచిది ఉన్నది."

"నీ బట్టలు నాకొద్దు. పోయినసారి ఇచ్చిన లంగ మీద ఎనకాల గోధుమపిండి కంపెనీ పేరున్నది. మా ఊరంత చదివిండ్రు. నా సంచి ఏది?"

"బస్సెక్కింది."

"ఎవరితోని?"

"ఒక్కటే పోయింది."

లోపల చెంబు దబ్బున కింద పడింది. తర్వాత ఇందిరమ్మ గొంతు కాలనీ దాకా వినబడేట్టు లేచింది. "అయితే ఇగ విను. బస్సొచ్చేదాక నేను బైటికి రాను."

ఆ మాట చలపతిరావు చెవిన పడింది. ఆయనకు ఒళ్ళు పులకరించింది. యూనియన్లో ఎన్ని పోరాటాలు చూశాడో గాని, ఇంత తెగువ చూడలేదు.

"విన్నారా అండి? బస్సు వచ్చేదాకా బయటికి రారట. మనం ఇక్కడ టిఫిను డబ్బాలు పట్టుకుని నిలబడి ఏం లాభమండి?" అని డబ్బా కింద పెట్టి, పిడికిలి పైకెత్తాడు. "బస్సు..."

"ఆగాలి" అన్నారు జనం.

అరుపులకు చెట్టు కింద మంచం మీద నిద్రపోతున్న సోమయ్య ఉలిక్కిపడి లేచాడు. కంపెనీలో సమ్మె మొదలైందనుకుని, కళ్ళు పూర్తిగా తెరవకుండానే వచ్చి గుంపులో నిలబడి, "జీతాలు పెంచాలె" అని అరిచాడు. జనం దానికి కూడా "పెంచాలి" అన్నారు.

ఈ సందడిలోకి డిపో జీపు వచ్చి ఆగింది. కండక్టరు లేని బస్సు చౌరస్తాలో ఇన్‌స్పెక్టరు కంట పడింది. ఆయన బస్సును అక్కడే నిలబెట్టించి, రోడ్డు మీద ఉరికొస్తున్న లింగాన్ని జీపులో వేసుకుని, సంగతేమిటో తేల్చడానికి వచ్చాడు.

"గీ బోర్డు ఎవరు పెట్టిండ్రు?"

"బోర్డు కాదు సారూ, తలుపు" అంది నర్సింహమ్మ.

"ఇది డిపో సొత్తు. ఏయ్ లింగం, ఊడదియ్యి."

లింగం వచ్చి రేకు మీద చెయ్యి వేశాడు.

"రేకు మీద చెయ్యేసినోడెవడు?" అంది రేకు. "ఆ చెయ్యి మళ్ళ ఇంటికి పోదు."

లింగం చెయ్యి వెనక్కి తీసుకుని చొక్కాకు తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు. "లోపల ఎవరు?"

"మా వదినె సారూ, తానం..." అని నర్సింహమ్మ మొదలుపెట్టింది గాని, చలపతిరావు గొంతు ముందు ఆమె గొంతు ఎంత?

"పోతిరెడ్డిపల్లి నుంచి వచ్చిన నాయకురాలండి. ఇక్కడ బస్సు ఆగేదాకా బయటికి రానని లోపల దీక్ష చేస్తున్నారు. ఇదిగో చూడండి, దండ."

అవి ఆడవాళ్ళు రోడ్డెక్కి సారా దుకాణాలు మూయించిన రోజులు. పెద్ద పెద్ద ఆఫీసర్లే కొంగు బిగించిన ఆడమనిషిని చూస్తే పక్కకు తప్పుకుంటున్నారు. ఈ ఇన్‌స్పెక్టరుకు ఆ కొంగు కూడా కనబడటం లేదు, గొంతే వినబడుతున్నది. ఆయన టోపీ తీసి, వంగి, రేకుతో మాట్లాడాడు.

"అమ్మా, మీ కోరిక ఏమిటమ్మా?"

"నాకేం కోరికలున్నయి? ఆ బస్సు ఈడికి రావాలె. గీ తలుపు ముంగట ఆగాలె. నా సంచి..."

"బస్సు... ఆగాలి" అన్న కేకల్లో సంచి మాట మునిగిపోయింది.

"పైకి రాసి, పరిశీలించి..."

"రాసుడు గీసుడు నాకు తెల్వది. ఇప్పుడే రావాలె. నేను తడిసి ఉన్న. చలి పెడుతున్నది."

"తడి బట్టలతోనే దీక్ష" అని వీరలక్ష్మి కళ్ళు ఒత్తుకుంది. నిజానికి తడి బట్టలే బకెట్లో ఉన్నాయి గాని, ఆ సంగతి నర్సింహమ్మ ఎవరికీ చెప్పలేదు.

ఇన్‌స్పెక్టరు మొహం చెమటతో మెరిసింది. "సరేనమ్మా. ఈ పూట నుంచే ప్రతి బస్సూ ఇక్కడ ఆగుతుంది. స్తంభం పాతించి కొత్త బోర్డు పెట్టిస్తాను. ఇందరి ముందు చెప్తున్నాను. ఇక బయటికి రండి."

"బస్సు రానీ, వస్త."

జీపు పోయి బస్సును వెంటబెట్టుకుని వచ్చింది. బస్సు తలుపు ముందు ఆగింది. నర్సింహమ్మ ఎక్కి, సంచి దింపి, ఎవరికీ కనబడకుండా పక్క బండ మీదుగా లోపలికి జారవిడిచింది. కాసేపటికి గొళ్ళెం తీసిన చప్పుడైంది. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని ఇందిరమ్మ బయటికి వచ్చింది. ఇన్‌స్పెక్టరు చేతులు జోడించాడు. చప్పట్లు మోగాయి. ఎందుకో ఇందిరమ్మకు తెలియదు. అయినా తానం చేసి వచ్చిన మనిషికి ఇంత గౌరవం జరగడం తప్పేమీ కాదనిపించి, ఆమె కూడా అందరికీ చేతులు జోడించింది. జనం బస్సెక్కి పోయారు.

పోయేముందు ఇన్‌స్పెక్టరు తన పని మరిచిపోలేదు. స్టాపు సంగతి స్టాపుదే, డిపో సొత్తు డిపోదే. లింగం రేకును ఊడదీసి జీపు మీద పెట్టాడు. తానాల అర్ర నోరు తెరుచుకుని మళ్ళీ రోడ్డును చూసింది.

పొద్దటి నుంచి నర్సింహమ్మ పడ్డ పాట్లన్నీ ఆ రేకు కోసమే. మనుమరాలు ఒళ్ళో నిద్రపోతున్నది. పిల్లను ఇందిరమ్మ ఇప్పుడే తీసుకుపోతుందేమోనని, ఆ పసి వేళ్ళను తన వేలి చుట్టూ బిగించుకుని కూర్చుంది.

"వదినే, తలుపు పాయె" అంది చివరికి, నిజం దాచి లాభం లేక.

ఇందిరమ్మ స్కూటరు సీటు మీద కూర్చుని దండను సవరించుకుంటున్నది.

"పోతే పోనీ. బస్సు ఆగుతది గద. కోడలు, పిల్ల ఈడనే ఉంటరు. నేనే వారం వారం వచ్చి చూసిపోత. నేనడిగితే వచ్చిన బస్సు, నేనెక్కకుంటే ఎట్ల?" మళ్ళీ తానే అంది. "తలుపు సంగతి నాకిడిచిపెట్టు. నీకే దొరుకుతయా పాత రేకులు?"

ఇన్‌స్పెక్టరు మాట తప్పలేదు. స్తంభం మీద కొత్త బోర్డు వచ్చింది. దాని మీద కాలనీ పేరు రాశారు గాని, ఆ పేరు ఎవరి నోటా వినబడదు. బస్సు దగ్గరికి రాగానే లింగం, "తానాలర్ర, తానాలర్ర దిగేటోళ్ళు" అని కేకేస్తాడు.

మరుసటి వారమే ఇందిరమ్మ ఆ స్టాపులో దిగింది. బస్సు టాపు మీద నుంచి లింగం ఒక రేకును దింపాడు. సంగారెడ్డిలో పాత సామాన్లవాడి దగ్గర ఆమె స్వయంగా ఏరి తెచ్చింది. ఎర్ర రంగు మీద తెల్లటి అక్షరాలు. పోయిన పసుపు రేకు కన్నా గట్టిది.

ఈసారి నర్సింహమ్మకు బుద్ధి వచ్చింది. చలపతిరావును పిలిచి, "సీదానా ఉల్టానా నేను చూసుకుంట సారూ. ఏం రాసుందో గది చెప్పుండ్రి" అంది.

చలపతిరావు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చదివాడు. "ప్రభుత్వ సారాయి దుకాణమండి."

వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ రాత రోడ్డు వైపు పెడితే తలుపు ముందు ఎంత పొడుగు వరస కడతారో ఇద్దరికీ కళ్ళకు కట్టింది. నర్సింహమ్మ ఇంకో మాట లేకుండా, అక్షరాలు లోపలి వైపుకు వచ్చేట్టు తిప్పి బిగించింది.

ఆనాటి నుంచి సోమయ్య, ఎవరూ బొబ్బలు పెట్టకుండానే, రోజుకు రెండు పూటలా తానం చేస్తున్నాడు.